పాత క్యాసెట్ వీడియోను ఏఐతో 4కే చేస్తే ముఖాలు మారిపోతున్నాయి: ఏ మోడల్, ఏ సెట్టింగులు?

తూనీగ:
అందరికీ నమస్కారం. వీహెచ్‌ఎస్ క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన గంట నిడివి ఇంటి వీడియో ఒకటి నా దగ్గర ఉంది. 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఎంపీ4 ఫైలు, సుమారు 700 ఎంబీ. బొమ్మ మసకగా ఉంది. ఎరుపు రంగు అంచులు దాటి పక్కకు కారినట్టుంది. ఎవరైనా చెయ్యి కదిపితే అంచు వెంట దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు వస్తున్నాయి.

ఏఐ సాఫ్ట్‌వేర్‌లో వేసి నేరుగా 4కే చేయించాను. గోడలు, కుర్చీలు, బట్టల మడతలు బాగానే తేలాయి. అమ్మమ్మ ముఖం మాత్రం అమ్మమ్మది కాదు. ముడతలు పోయాయి, కళ్లకు లేని మెరుపు వచ్చింది, నవ్వితే పళ్లన్నీ కలిసి ఒకటే తెల్ల గీత. వెనక వరుసలో కూర్చున్నవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. అడ్డగీతలు పోలేదు సరికదా, ఇంకా చిక్కబడ్డాయి. ఏ మోడల్ వాడాలి? గ్రాఫిక్స్ కార్డులో 8 జీబీ మెమరీ ఉంది.

పిడుగు:
టోపాజ్ అనే ఏఐ వీడియో సాఫ్ట్‌వేర్‌లో ప్రోటియస్ మోడల్, 4కే, సెకనుకు 60 ఫ్రేములు. రాత్రి పెట్టి పడుకోండి, పొద్దున చూసుకోండి. ఇంతకంటే ఆలోచించేది ఏమీ లేదు.

వడపోత:
తూనీగ గారూ, మోడల్ సంగతి తర్వాత చూద్దాం. మీ జబ్బు పేరు ఆ అడ్డగీతలే చెబుతున్నాయి. మీ ఫైలు ఇంటర్‌లేస్డ్.

పాత టీవీ పద్ధతిలో ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు ఉంటాయి. బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతి క్షణానివి. పైకి 25 ఫ్రేములే కనిపిస్తున్నా, లోపల సెకనుకు 50 క్షణాల కదలిక దాగి ఉంది. పిక్చర్ ట్యూబు టీవీలు వాటిని ఒకదాని వెంట ఒకటి గీసేవి కాబట్టి కంటికి తెలిసేది కాదు. కంప్యూటర్ తెర రెండింటినీ ఒకేసారి చూపిస్తుంది, కదిలిన చోట అంచు చీలుతుంది. ఏఐ మోడల్‌కు ఈ పూర్వకథ తెలియదు. ఆ చీలికను నేతగానో వెంట్రుకలుగానో అనుకొని శ్రద్ధగా పదును పెడుతుంది. మీ గీతలు చిక్కబడింది అందుకే.

కాబట్టి మొదటి పని డీఇంటర్‌లేసింగ్, అంటే ఆ రెండు ఫీల్డులను విడదీసి పూర్తి ఫ్రేములుగా మార్చడం. దీనికి ఏవీసింత్, వేపర్‌సింత్ అనే స్క్రిప్టు సాఫ్ట్‌వేర్లలో నడిచే క్యూటీజీఎంసీ చాలా కాలంగా నమ్మకమైన పనిముట్టు. పేరు మోసిన ఏఐ మోడళ్లెన్నో దీని ముందు వెలవెలబోతాయి. స్క్రిప్టులు రాయడం ఇబ్బంది అనుకుంటే, బొమ్మలతో బటన్లతో నడిచే హైబ్రిడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా అది ఉంటుంది. అదీ వద్దనుకుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ ఉంది, వేగంగా నడుస్తుంది. టోపాజ్ లోపల ఇంటర్‌లేస్డ్ వీడియో కోసం డయోనీ అనే మోడళ్లు ఉన్నాయి. ఏది వాడినా ఫలితం సెకనుకు 50 ఫ్రేములుగా రావాలి. 25గా తీస్తే సగం కదలికను పారేసినట్టే.

ఫీల్డుల వరుస కూడా చూసుకోండి. పై గీత ముందా, కింది గీత ముందా అన్నది తప్పుగా చెబితే, కదిలే చెయ్యి ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు వేస్తూ వణుకుతుంది. 50 ఫ్రేముల ఫైలు తీసి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూస్తే వెంటనే తెలిసిపోతుంది. మినీడీవీ అనే డిజిటల్ టేపుల్లో కింది ఫీల్డు ముందు ఉంటుంది. వీహెచ్‌ఎస్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే కార్డుల్లో ఎక్కువ వాటికి పై ఫీల్డు ముందు.

పిడుగు:
ఇంత తతంగం దేనికండీ? 1896 నాటి రైలు వీడియోను 2020లో డెనిస్ షిర్యాయెవ్ ఇంట్లో కూర్చొని 4కే, 60 ఫ్రేములు చేశాడు. ప్రపంచమంతా నోరు తెరిచి చూసింది. నూట పాతికేళ్ల నాటిది అంత బాగా వస్తే క్యాసెట్ ఎందుకు రాదు?

గోరింక:
రాదు. ఎందుకంటే లూమియేర్ సోదరుల ఆ రైలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఉంది. వయసులో పాతది, వివరంలో కాదు. మంచి స్కానింగుతో అందులోంచి పిండుకోవడానికి సరుకు బోలెడంత ఉంటుంది. వీహెచ్‌ఎస్ 1976లో వచ్చింది, కానీ దాని మీద అడ్డంగా నిలిచే వివరం సుమారు 240 గీతలు మాత్రమే. రంగుకైతే అందులో చిన్న భాగమే దక్కుతుంది. తూనీగ గారి ఎరుపు పక్కకు కారడానికి కారణం అదే. టేపు మీద రంగు ఎప్పుడూ అంత ముతకగానే ఉంది. ఏడాది చూసి కాదు, దేని మీద నమోదైందో చూసి ఆశ పెట్టుకోవాలి.

ఇక తూనీగ గారికి నా ప్రశ్న: ఆ క్యాసెట్ ఇంకా ఉందా? గంట వీడియో 700 ఎంబీ అంటే సెకనుకు 1.5 మెగాబిట్లు చిల్లర. టేపు గరగర (బొమ్మ మీద ఆడే చుక్కలు) అంతా కలుపుకొని అంత ఇరుకులో కుక్కితే కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) ముందుగా చంపేది చర్మపు నునుపు తేడాలను, అంటే సరిగ్గా ముఖాన్ని. డిజిటల్ టేపైన మినీడీవీ సైతం సెకనుకు 25 మెగాబిట్లు వాడేది, గంటకు 13 జీబీ. మీ దగ్గర ఉన్నది వీడియో తాలూకు సారాంశం. దాన్ని పట్టుకొని 4కే అంటే ఎలా?

తూనీగ:
క్యాసెట్ ఎక్కడో ఉండాలి. వెతికిస్తాను. ఎక్కించింది బయట ఇచ్చి, వాళ్లు ఏం చేశారో నాకు తెలియదు.

అంకెలరాయుడు:
లెక్క చెబుతాను, తర్వాత మీరే తేల్చుకోండి. 720×576 అంటే 4,14,720 చుక్కలు. 4కే అంటే 3840×2160, 82,94,400 చుక్కలు. అంటే ఇరవై చుక్కల్లో ఒకటి మీది, పందొమ్మిది సాఫ్ట్‌వేర్‌వి. ఆ ఒక్కటి కూడా, గోరింక గారు చెప్పినట్టు, టేపు దృష్ట్యా పూర్తిగా మీది కాదు.

వెనక వరుస మనిషి ముఖం అసలు వీడియోలో పాతిక చుక్కల వెడల్పు ఉంటే, అందులో కంటికి నాలుగైదు చుక్కలు వస్తాయి. నాలుగైదు చుక్కల్లో కనుపాప, రెప్ప, చూపు దిక్కు ఎక్కడ దొరుకుతాయి? దొరకనప్పుడు మోడల్ ఊరుకోదు, కల్పిస్తుంది.

చినుకు:
పాత బటన్ ఫోనులో తీసిన 3జీపీ క్లిప్పులు నా దగ్గర ఉన్నాయి, 176×144. వాటికి ఆశ ఉందా?

అంకెలరాయుడు:
176×144 అంటే 25,344 చుక్కలు. 4కే చేస్తే 327 చుక్కలకు ఒక్కటి అసలుది. ఎత్తు 480 వరకు పెంచి, గళ్లు గళ్లుగా కనిపించే కుదింపు మచ్చలను కాస్త తగ్గించి, అక్కడ ఆగిపోండి. ఇంకో మాట. ఫోను వీడియోల్లో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. ముందు స్థిర వేగానికి మార్చకపోతే మాట, పెదవులు విడిపోతాయి.

అరుణరేఖ:
ముఖాల సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. (సాఫ్ట్‌వేర్ మోసం చేస్తోందని కాదు, దాని పనే అది.)

జీఎఫ్‌పీగ్యాన్, కోడ్‌ఫార్మర్ వంటి ముఖ మోడళ్లు ఎఫ్ఎఫ్‌హెచ్‌క్యూ అనే సేకరణతో శిక్షణ పొందాయి. అందులో ఫ్లికర్ అనే ఫోటోల సైటు నుంచి తీసుకున్న 70,000 ముఖాల ఫోటోలు ఉన్నాయి, స్పష్టమైనవి. మోడల్ వాటి నుంచి 'ముఖమంటే ఇలా ఉంటుంది' అని నేర్చుకుంటుంది. మీ మసక ముఖాన్ని చూడగానే, దానికి సరిపోయే స్పష్టమైన ముఖం ఒకటి తన జ్ఞాపకంలోంచి అల్లుతుంది. అది అందంగా ఉంటుంది, నమ్మేలా ఉంటుంది, మీ అమ్మమ్మది మాత్రం కానవసరం లేదు. వృద్ధుల ముఖాల్లో ముడతలు మసకలో చిన్న నీడలుగా మిగులుతాయి. మోడల్ వాటిని గరగర అనుకొని తుడిచేస్తుంది. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ల చేతిలో పెద్దవాళ్లందరూ పడుచువాళ్లయిపోతారు.

2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి మసక ముఖాలను స్పష్టం చేసే పల్స్ అనే పద్ధతి వచ్చింది. బరాక్ ఒబామా ఫోటోను గళ్లు గళ్లుగా కుదించి దానికి ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం బయటికొచ్చింది. ఆ ముఖాన్ని మళ్లీ కుదిస్తే అదే గళ్ల బొమ్మ వస్తుంది, అదీ విచిత్రం. అంటే గణితం ప్రకారం ఆ జవాబు తప్పు కాదు. ఒకే మసక బొమ్మ వెనక లెక్కలేనన్ని ముఖాలు ఉండగలవు, మోడల్ తనకు అలవాటైనదాన్ని ఎంచుకుంది. ఏ ముఖాలతో పెరిగిందో ఆ ముఖాల వైపే మొగ్గుతుంది. మన ఇళ్లలోని ముఖాలు ఆ సేకరణల్లో ఏ పాటి ఉంటాయో మీరే ఊహించుకోండి.

కోడ్‌ఫార్మర్‌లో 0 నుంచి 1 వరకు జరిపే ఒక విలువ ఉంటుంది. 1 వైపు జరిపితే అసలు ముఖానికి దగ్గరగా, 0 వైపు జరిపితే నున్నగా అందంగా. వాడి తీరాలనుకుంటే 1 దగ్గరే ఉంచండి. నన్ను అడిగితే దగ్గరి మనుషుల వీడియోలకు ముఖ మోడల్‌ను పూర్తిగా ఆపేయమంటాను.

పిడుగు:
అందరూ అంత పట్టించుకోరండీ. ఇంట్లో పెద్ద టీవీలో వేస్తే 'అబ్బ, ఎంత బాగుందో' అంటారు. అది చాలదా?

అరుణరేఖ:
ఎవరికి చాలుతుంది? ఆమెను ఎరగని మనవలకు చాలుతుంది. రేపు వాళ్ల జ్ఞాపకంలో ఉండేది ఆ ముఖమే, అదే నా అభ్యంతరం. నచ్చితే చేసుకోండి, కానీ ఫైలు పేరులో 'ఏఐతో మార్చినది' అని రాసిపెట్టండి.

సవ్యసాచి:
నాది వేరే అవసరం. గేటు దగ్గరి సీసీ కెమెరా వీడియోలో బండి నంబరు కనీకనిపించకుండా ఉంది. ఏ మోడల్‌తో తేలుతుంది?

వడపోత:
ఏ మోడల్‌తోనూ తేల్చకండి. అది ఒక నంబరు తప్పకుండా చూపిస్తుంది, స్పష్టంగా కూడా చూపిస్తుంది. 8 స్థానంలో 3 వేసినా చూసేవాడికి అనుమానం రాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కింగ్ కౌంటీలో, ఒక హత్య కేసులో ఏఐతో మెరుగుపరచిన ఫోను వీడియోను సాక్ష్యంగా పెట్టబోతే 2024లో న్యాయమూర్తి ఒప్పుకోలేదు. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ చేసి పోలీసులకు ఇవ్వండి. మీరే చూడాలనుకుంటే, బండి నెమ్మదిగా కదిలిన పది పదిహేను ఫ్రేములను ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీయండి. గరగర తగ్గి, నిజంగా ఉన్నది కాస్త బయటపడవచ్చు. అందులో కల్పన ఉండదు.

అంకెలరాయుడు:
వడపోత గారు చెప్పిన చివరి మాటను ఇంకొంచెం సాగదీయాలి. వీడియోకు ఫోటో మీద ఉన్న నిజమైన పైచేయి అదే. కెమెరా ఏ కొంచెం కదిలినా, ఒకే అంచు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట చుక్కల గడిలో పడుతుంది. ఒక ఫ్రేములో పోయింది పక్క ఫ్రేములో దొరుకుతుంది. బేసిక్‌వీఎస్‌ఆర్ తరహా మోడళ్లు ముందు వెనక ఫ్రేములను కలిపి చూసేది దీనికోసమే. రియల్ ఈఎస్ఆర్‌గ్యాన్ లాంటివి ఒక్కో ఫ్రేమును విడి ఫోటోలా చూస్తాయి. పక్క ఫ్రేములో తానేం గీసిందో దానికి గుర్తుండదు, కాబట్టి గడ్డి, జుట్టు, ఇటుక గోడ ఫ్రేము ఫ్రేముకూ మెలికలు తిరుగుతూ మినుకు మినుకుమంటాయి. నిలిపి చూస్తే అద్భుతం, నడిపితే తలనొప్పి. చాలామంది ఆపిన ఫ్రేములు పక్కపక్కన పెట్టి పోల్చుకొని మురిసిపోతారు. కదిలేటప్పుడు చూసి తేల్చుకోవాలి.

అయితే కుదింపులో కోడెక్ ఆ చిన్న తేడాలను ముందే పారేసి ఉంటే, పక్క ఫ్రేముల్లోనూ ఏమీ మిగలదు. గోరింక గారు అసలు టేపు కోసం పట్టుబడుతున్నది ఊరికే కాదు.

నల్లమబ్బు:
డబ్బు పెట్టకుండా పని జరిగే దారి ఎవరైనా చెప్పండి.

వడపోత:
వీడియో2ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రియల్ ఈఎస్ఆర్‌గ్యాన్ కూడా అందులోనే నడుస్తుంది. చెయినర్ అనేది ఇంకొకటి. బొమ్మను ఏ వరుసలో ఏం చేయాలో పెట్టెలు కలిపి తయారు చేసుకోవచ్చు, మోడల్ ఫైళ్లు విడిగా దించుకోవాలి. 2025లో బైట్‌డ్యాన్స్ పరిశోధకుల సీడ్‌వీఆర్2 వచ్చింది. అది డిఫ్యూజన్ రకం (గరగరలోంచి బొమ్మను కొత్తగా అల్లేది), ఫలితం చాలా గట్టిగా ఉంటుంది, మెమరీని కూడా అంత గట్టిగానే తింటుంది. 8 జీబీ కార్డులో కుస్తీ తప్పదు. డిఫ్యూజన్ రకాల్లో కల్పన పాలు కూడా ఎక్కువే, ఇంటి వీడియోలకు జాగ్రత్త. యానిమేషన్ వీడియోలకైతే రియల్ ఈఎస్ఆర్‌గ్యాన్‌లోని అనిమే మోడల్ చాలు. గీతలు, నిండు రంగులు కాబట్టి అక్కడ ఊహ తప్పే అవకాశం తక్కువ.

రియల్ ఈఎస్ఆర్‌గ్యాన్ గురించి ఒకటి తెలిసి ఉండాలి. 2021లో దాన్ని తయారుచేసినవాళ్లు మంచి బొమ్మలను తీసుకొని, వాటిని తామే మసకబార్చి, కుదించి, గరగర కలిపి, జేపెగ్ మచ్చలు వేసి, అదంతా రెండోసారి కూడా చేసి, ఆ పాడైనవాటి నుంచి మంచివాటిని రాబట్టడం నేర్పారు. ఇంటర్నెట్‌లో చేతులు మారి నలిగిన బొమ్మలకు అందుకే బాగా పనిచేస్తుంది. టేపు జారిన గీతలు, రంగు పక్కకు జరగడం ఆ పాఠంలో లేవు. నేర్వని జబ్బుకు వైద్యం రాదు. కాబట్టి టేపు రోగాలన్నీ ముందే మామూలు ఫిల్టర్లతో తగ్గించి, తర్వాతే మోడల్‌కు అప్పగించాలి.

గోరింక:
ఆ 'ముందే' అన్నదాన్ని పట్టుకొని తూనీగ గారికి నా తరఫు వరుస చెబుతాను. వీహెచ్‌ఎస్ బొమ్మ అడుగున కొన్ని గీతలు ఎప్పుడూ చిందరవందరగా ఉంటాయి. టేపును చదివే ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మారే చోటు అది. టీవీ చట్రం దాన్ని దాచేసేది. ఏఐకి ఇస్తే దాన్ని గడ్డిగా, అలలుగా మార్చి కూర్చుంటుంది. కత్తిరించండి, లేదా నల్లగా మూసేయండి. రెండు పక్కల నల్ల పట్టీలనూ అంతే.

తర్వాత ఆకారం. 720×576ను ఉన్నదున్నట్టు పెంచితే మనుషులు సాగిపోతారు. పాత టీవీ చుక్కలు చదరాలు కావు. ఈ బొమ్మ 4:3, కాబట్టి 1080 ఎత్తుకు వెడల్పు 1440. దాన్ని 1920కి లాగి తెర నింపేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. పక్కల నలుపు ఉంటే ఉండనివ్వండి!

రంగు విషయం చాలామందికి తెలియదు. పాత వీడియోల రంగుల లెక్క బీటీ 601, హెచ్‌డీది బీటీ 709. మార్పిడి చేయకుండా పరిమాణం మాత్రమే పెంచితే, ప్లేయర్ దాన్ని హెచ్‌డీ లెక్కలో చదివి ఎరుపులను, ఆకుపచ్చలను కొంచెం పక్కకు నెడుతుంది. ముఖాలు పాలిపోయినట్టో, నారింజ రంగు పులిమినట్టో కనిపిస్తే దీన్ని ముందు అనుమానించండి, మోడల్‌ను కాదు.

తూనీగ:
ఫిల్టర్ల తర్వాత ఏ పరిమాణానికి పెంచమంటారు? 4కే వదిలేయాలా?

వడపోత:
వదిలేయండి. 1440×1080 చాలు. మిగిలిన సాగదీత మీ టీవీ చేసుకుంటుంది, ఈ రోజుల్లో ప్రతి 4కే టీవీలోనూ ఆ పని చేసే చిప్పు ఉంటుంది. కంప్యూటర్‌లో చూసేవాళ్లకు ఎన్‌విడియా 2023లో బ్రౌజర్ వీడియోలను అప్పటికప్పుడు పెంచి చూపే సదుపాయం తెచ్చింది. చూసేటప్పుడు చేయగలిగినదాన్ని ఫైలులో శాశ్వతంగా కాల్చి పెట్టడం దేనికి?

టోపాజ్ మీ దగ్గర ఉంటే ప్రోటియస్‌లో ఆటోమేటిక్ వదిలి, విలువలు చేత్తో పెట్టండి. పదును దాదాపు సున్నా. గరగర తగ్గించడం కొద్దిగా. ఐరిస్ మోడల్ ముఖాల కోసమే చేసినది, అందుకే ఇంటి వీడియోల్లో దాన్ని అనుమానంతో చూడాలి.

ఇంకో చిట్కా. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉన్న అసలు వివరం 720 చుక్కలకు సరిపడా లేదు. వెడల్పును ముందు సగానికి దించి, తర్వాత మోడల్‌తో పెంచితే, అంచులు కొన్నిసార్లు బాగా కుదురుతాయి. పదును గల చిన్న బొమ్మను పెంచడం మోడల్‌కు తెలిసినంతగా, ఉబ్బిన మసక బొమ్మను బాగుచేయడం తెలియదు. అన్ని టేపులకూ పనిచేయదు. పది సెకన్ల ముక్క మీద చూసి తేల్చుకోండి. ఆ ముక్కలో దగ్గరి ముఖం, వేగంగా కదిలే చెయ్యి, చీకటి మూల మూడూ ఉండేలా ఎంచుకోండి.

అరుణరేఖ:
దానికి నాదొక చేర్పు. ఏఐ ఇచ్చిన బొమ్మను ఒంటరిగా వాడకండి. అదే వీడియోను ఏఐ లేని మామూలు పద్ధతిలో, లాంక్‌జోస్ అనే లెక్కతో, అదే పరిమాణానికి పెంచి కింద పొరగా వేయండి. ఏఐ పొరను పైన సగం పారదర్శకంగా ఉంచండి. ముఖం మీద మైనపు నునుపు దానంతట అదే విరుగుతుంది. చివర్లో సన్నని గ్రెయిన్ (ఫిల్ము మీద కనిపించే రేణువుల లాంటిది) కలిపితే కన్ను ఆ బొమ్మను ఇంకా సులువుగా నమ్ముతుంది. 2024లో జేమ్స్ కామెరాన్ పాత సినిమాలు కొన్ని 4కే డిస్కులుగా వచ్చినప్పుడు గ్రెయిన్ అంతా తుడిచేశారని, చర్మం ప్లాస్టిక్‌లా ఉందని అభిమానులే గోల చేశారు. స్టూడియోల చేతిలో మంచి ఫిల్ము ఉండి కూడా ఆ గతి పట్టింది.

పిడుగు:
సరే, 4కే మీద ఓడిపోయాను. 60 ఫ్రేముల మాటేమిటి? మధ్య ఫ్రేములను కల్పించే రైఫ్ మోడల్‌తో చేస్తే కదలిక నీళ్లలా జారుతుంది.

అంకెలరాయుడు:
తూనీగ గారికి దాని అవసరమే లేదు. సరిగ్గా డీఇంటర్‌లేస్ చేస్తే 50 ఫ్రేములు, అవీ నిజమైనవి, చేతికొస్తాయి. వాటిని 60 చేయాలంటే మళ్లీ మధ్య ఫ్రేములు కల్పించాలి. 24 ఫ్రేముల సినిమాను 60 చేస్తే సీరియల్‌లా కనిపిస్తుంది, అదో రకం ఇష్టం, నేను వాదించను. చేతులు ముఖానికి అడ్డుగా వెళ్లే చోట వేళ్లు కరిగిపోవడం మాత్రం ఎవరికీ ఇష్టం ఉండదు.

సమయం కూడా లెక్కేసుకోండి. గంట వీడియో 50 ఫ్రేముల లెక్కన 1,80,000 ఫ్రేములు. మీ కార్డు సెకనుకు 5 ఫ్రేములు చేస్తే 10 గంటలు, 2 చేస్తే 25 గంటలు. 4కే అయితే ఆ వేగం కూడా రాదు. మధ్యలో కరెంటు పోతే మొదటికొస్తుంది. అందుకే అయిదేసి నిమిషాల ముక్కలుగా చేయండి. ఫలితాన్ని మధ్య దశలో ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి నష్టం లేని కోడెక్‌లో ఉంచి, అన్నీ అయ్యాక ఒక్కసారే హెచ్ఈవీసీ కోడెక్‌కు కుదించండి. ఒక్కో దశకూ కుదిస్తూ పోతే, ముందు కుదింపు మచ్చలను తర్వాతి మోడల్ వివరంగా పొరబడుతుంది.

నల్లమబ్బు:
ఫైలు ఎక్కిస్తే చాలు, ఏఐ బాగుచేసి పంపిస్తుందనే వెబ్‌సైట్లు ఉన్నాయి కదా. కార్డు లేనివాళ్లకు అవి మేలు కాదా?

గోరింక:
ప్రకృతి దృశ్యాలైతే ఎక్కించండి. ఇంటి మనుషులు, పిల్లలు ఉన్న వీడియోలను ఎవరి సర్వరు మీదో పెట్టే ముందు, ఆ ఫైలును ఎంతకాలం ఉంచుకుంటారో, మోడల్ శిక్షణకు వాడుకుంటారో లేదో నిబంధనల్లో చదవండి. ఆ మాట స్పష్టంగా లేని చోట నేనైతే పెట్టను.

తూనీగ:
మీరు చెప్పిన వరుసలో పది సెకన్ల ముక్క చేసి చూశాను. క్యూటీజీఎంసీతో 50 ఫ్రేములు, అడుగు కత్తిరింపు, రంగుల మార్పిడి, ప్రోటియస్‌లో పదును సున్నా, 1440×1080, మీద సగం పొర. అడ్డగీతలు పూర్తిగా పోయాయి. ముఖం మసకగానే ఉంది, కానీ అది అమ్మమ్మే. మా పిన్నికి రెండూ చూపిస్తే, 4కే దాన్ని చూసి 'ఎవరీవిడ' అంది.

ఇప్పుడు వీడియో మొత్తం అలాగే చేశాక ఇంకో చిక్కు. ఫైలు చివరికి వచ్చేసరికి మాట పెదవుల కంటే వెనకబడుతోంది. ఏఐ వల్లనా?

వడపోత:
రెండు చోట్ల చూడండి. మొదట కొత్త ఫైలు నిడివి. ఎక్కడైనా వేగం తప్పుగా నమోదైతే నిడివే మారిపోతుంది. 25 ఫ్రేములవాటిని 24 అని రాస్తే 60 నిమిషాల వీడియో 62 నిమిషాల 30 సెకన్లు అవుతుంది. నిడివి సరిగ్గా ఉంటే అసలు ఎంపీ4 చివరి అయిదు నిమిషాలు చూడండి, అందులోనూ ఇదే తేడా ఉందేమో. ఎలాగైనా ఆడియోను సాఫ్ట్‌వేర్ చేతికి ఇవ్వకండి. అసలు ఫైలులోంచి విడిగా తీసి, మార్చకుండా, చివర్లో కలపండి.

తూనీగ:
నిడివి 60 నిమిషాలే. తేడా అసలు ఫైలులోనే ఉంది. చివర్లో దాదాపు ఒక సెకను.

గోరింక:
అయితే ఎక్కించేటప్పుడే ఫ్రేములు జారిపోయాయి. పాత టేపు నుంచి వచ్చే సంకేతం నిలకడగా ఉండదు. ఎక్కించే కార్డు తట్టుకోలేక అక్కడక్కడ ఫ్రేమును వదిలేస్తుంది, ధ్వని మాత్రం తన దారిన తాను సాగిపోతుంది. టైమ్ బేస్ కరెక్టర్ (ఆ సంకేతాన్ని నిలకడపరిచే పరికరం) పెట్టి ఎక్కిస్తే అది సర్దుకుంటుంది, నిలువు గీతల వంకరలు కూడా తగ్గుతాయి. ప్రస్తుతానికి సన్నివేశం మారే చోట్ల ముక్కలు చేసి, ధ్వనిని కొద్దికొద్దిగా జరుపుకోండి. ఒక్క సెకనే కాబట్టి కనిపించకుండా సర్దవచ్చు.

తూనీగ:
క్యాసెట్ దొరికింది! పెట్టె అడుగున ఉంది. ప్లేయర్ ఒక బంధువుల ఇంట్లో ఉందట, రేపు తెచ్చి వేసి చూస్తాను.

గోరింక:
ఆగండి. ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టల అంచును వెలుతురులో చూడండి. తెల్లటి పొడి మచ్చలు కనిపిస్తే అది బూజు. అలాంటిదాన్ని ప్లేయర్‌లో వేస్తే టేపు తెగవచ్చు, హెడ్‌లకు అంటుకొని తర్వాత వేసిన క్యాసెట్లకూ పాకుతుంది. బూజు ఉంటే శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. లేకపోతే, అంతగా అక్కరలేని వేరే క్యాసెట్ ఒకటి ముందు వేసి ప్లేయర్ నలపడం లేదని చూసుకోండి. తర్వాత మీదాన్ని చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ మొదటికి తిప్పి, అప్పుడు ఎక్కించడం మొదలుపెట్టండి. ప్లేయర్ వెనక ఎస్ వీడియో రంధ్రం (రంగును, వెలుగును విడివిడిగా పంపేది) ఉంటే పసుపు తీగ బదులు అదే వాడండి.